గడ్డి నుంచి డీజిల్: రెండు బ్యాక్టీరియాలు, ఒకే ఫ్లాస్కు

మామూలు బయోడీజిల్‌కి నూనె, మిథనాల్, కాస్టిక్ సోడా చాలు. నూనె లేకుండా నేరుగా గడ్డి నుంచే తీయాలంటే గడ్డిని చక్కెరగా విరవాలి, చక్కెరని కొవ్వు ఆమ్లంగా మార్చాలి, దానికి ఆల్కహాల్ అతికించాలి.

అతికించే పని ముందే తేలింది. 2006లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ శాస్త్రవేత్తలు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా నుంచి ఇథనాల్ చేసే రెండు జన్యువులు, అసినెటోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి అతికించే ఎంజైమ్ జన్యువు తెచ్చి, ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఈ కోలై బ్యాక్టీరియాలో పెట్టారు. లీటరుకి 1.28 గ్రాముల ఇథైల్ ఎస్టర్ (కొవ్వు ఆమ్లానికి ఇథనాల్ అతికితే వచ్చేది, ఇదే మన డీజిల్) వచ్చింది. కాకపోతే ఓలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని బయటినుంచి పోయాల్సి వచ్చింది. కొవ్వు ఆమ్లాలని విరగ్గొట్టే దారిని మూసేసి, కొవ్వు ఆమ్లాలని విడుదల చేసే టెస్‌ఏ ఎంజైమ్‌ని పెంచితే ఆ అవసరం తీరుతుందని 2010లో కాలిఫోర్నియా బృందం చూపించింది.

మిగిలింది గడ్డి. ఇన్ని ఎంజైములూ ఒకే కణం మీద రుద్దితే అది నీరసించి పెరగడం మానేస్తుంది. అందుకే 2011లో అదే కాలిఫోర్నియాలో పని పంచారు: గడ్డిలోని పిండి పదార్థాల్లో ఒక ఈ కోలై రకం సెల్యులోజ్‌ని, ఇంకోటి జైలాన్‌ని విరుస్తుంది. ఈ కోలై తనంతట తాను ఎంజైములని బయటికి వదలదు కాబట్టి, వాటికి ఓస్మ్‌వై అనే ప్రొటీన్ తగిలించారు. ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. సెల్యులోజ్ ముందు సెల్లోబయోజ్‌గా (రెండు గ్లూకోజ్‌ల జంటగా) విరుగుతుంది, దాన్ని మామూలు ఈ కోలై తినలేదు. దాన్ని విరిచే రెండో ఎంజైమ్ ఉన్నవాడికే కూడు. కష్టపడకుండా తినేవాళ్ళ బెడద కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

స్విచ్‌గ్రాస్ అనే అమెరికా గడ్డిని ముందు అయానిక్ ద్రవంలో (ద్రవంగా ఉండే లవణంలో) నానబెట్టి వేడిచేస్తారు. చాలామంది తప్పు చేసేది ఆ తర్వాత కడగడంలో. ద్రవం కొద్దిగా మిగిలినా కణాలకి విషమే. కడిగిన గడ్డిలో కొంచెం తీసి, గ్లూకోజ్ ఉన్న మీడియంలో వేసి మామూలు ఈ కోలైని పెంచి చూడండి. గడ్డి లేని ఫ్లాస్కు కంటే వెనకబడితే మళ్ళీ కడగాలి.

రెండు రకాలనీ విడిగా పెంచి, కడిగిన గడ్డి ఉన్న ఫ్లాస్కులో సమానంగా కలిపి 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచండి. గడ్డి ముక్కలవల్ల నీరు ఎలాగూ మసకే, మసకదనం కొలిచి పెరుగుదల అంచనా వేస్తే మోసపోతారు. రెండు రకాలకీ వేర్వేరు యాంటీబయాటిక్ నిరోధక గుర్తులు పెట్టి, ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టండి. ఒకటి పదింతలు దాటిపోతే తొలి మోతాదు మార్చాలి. యాంటీబయాటిక్ బలం తగ్గితే తెచ్చిపెట్టిన జన్యువులుండే డీఎన్ఏ ఉంగరం (ప్లాస్మిడ్) జారిపోతుంది, కణాలు బాగానే పెరుగుతాయి గానీ ఎస్టర్ రాదు.

గాలి ఎక్కువైతే ఇథనాల్ ఎగిరిపోతుంది, తక్కువైతే ఎసిటేట్ పేరుకుని పులుస్తుంది. పైన పదోవంతు డోడెకేన్ (నీటిలో కలవని నూనెలాంటి ద్రవం) పోస్తే బయటికొచ్చిన ఎస్టర్ అందులోకి చేరుతుంది. కణాల్లోపల మిగిలినదాన్ని ఇథైల్ ఎసిటేట్‌తో తీయాలి, లేకపోతే లెక్క తక్కువ చూపిస్తుంది. గడ్డి వల్ల పొరలు విడిపోక నురగలా కలిసిపోతే సెంట్రిఫ్యూజ్ తప్పదు.

2011లో ఆ రెండు రకాల జంట ఇచ్చింది లీటరుకి దాదాపు 71 మిల్లీగ్రాములే. గ్రాము గ్లూకోజ్‌కి సిద్ధాంతం ప్రకారం రాగలిగేది 0.35 గ్రాముల వరకు. ఎస్టర్ దారి ఇంతకంటే చాలా ఎక్కువ ఇవ్వగలదని 2010లోనే గ్లూకోజ్ మీద తేలింది, కాబట్టి ఆలస్యం ఎక్కువగా గడ్డి విరిగే చోటే ఉన్నట్టుంది.