గురక పెట్టిన విమానం

ఆ రాత్రి మా అమ్మాయి గదిలోకి వచ్చి, "నాన్నా, నీ విమానం గురక పెడుతోంది" అంది. సాయంత్రం ఎగరేసి తెచ్చి బీరువా మీద పెట్టిన, రిమోట్‌తో నడిపే ఫోమ్ విమానం అది. నేను ఏదో చదువుతూ, తల కూడా ఎత్తకుండా, "ఫ్యాన్ చప్పుడయ్యుంటుంది, పడుకో తల్లీ" అన్నాను.

పొద్దున్నకి గురక ఆగిపోయింది. బ్యాటరీ కూడా పోయింది.

అది మూడు సెల్స్ ఉన్న 2200 మిల్లీయాంప్ అవర్ లైపో (లిథియం పాలిమర్) ప్యాక్, అంటే 2200 మిల్లీయాంపుల చొప్పున ఒక గంట ఇవ్వగలది. ప్లగ్ పీకడం మర్చిపోయాను, అంతే. ఒక్కో సెల్‌నీ విడిగా కొలవనిచ్చే బ్యాలెన్స్ వైర్ల దగ్గర మీటర్ పెట్టి చూస్తే ఒక సెల్ 2.1 వోల్టులు, ఇంకోటి 1.6, మూడోది 0.8. ఏ సెల్ అయినా 3 వోల్టుల కిందికి దిగకూడదని నలుగురికీ చెప్పేవాణ్ణి నేనే. చేత్తో నొక్కితే ప్యాక్ అప్పటికే కొంచెం మెత్తగా ఉంది.

నా ధీమా అంతా ఈఎస్‌సీ మీద. మోటార్‌ని నడిపే ఆ బోర్డులో, బ్యాటరీ తగ్గితే ఆపేసే లో వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది కదా, అది చూసుకుంటుందిలే అనుకునేవాణ్ణి. కానీ అది ఆపేది మోటార్‌ని మాత్రమే. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కీ, రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లకీ, అంటే సర్వోలకీ, కరెంటు అలాగే పోతూ ఉంటుంది. కావాలనే అలా పెట్టారు. గాల్లో ఉండగా బ్యాటరీ తగ్గితే మోటార్ ఆగినా రెక్కలు మన మాట వినాలి, విమానాన్ని నేల మీదికి దించుకోవాలి. అంటే ఆ కటాఫ్ కాపాడేది విమానాన్ని. బీరువా మీద పడి ఉన్న బ్యాటరీ సంగతి దానికి పట్టదు. మా అమ్మాయి విన్న గురక, సర్వోలు తమ స్థానం పట్టుకుని ఉండటానికి చేసే ఆ చిన్న మూలుగు.

తర్వాత అదే విమానానికి ఇంకో ప్యాక్ తగిలించి ఊరికే ఉన్నప్పుడు ఎంత లాగుతోందో కొలిచాను. దాదాపు 70 మిల్లీయాంపులు. ఎగిరేటప్పుడు 20 యాంపులు లాగే బండికి ఇదొక లెక్కా అనిపిస్తుంది. నేను ప్రతిసారీ 80 శాతం వాడి దించుతాను, అంటే 1760 ఖర్చు, మిగిలేది 440. దాన్ని 70తో భాగిస్తే ఆరు గంటల చిల్లర. పిల్ల వచ్చి చెప్పినప్పుడు లేచి ఉంటే చాలా టైమ్ ఉంది.

ఇంత నష్టం ఎందుకు జరుగుతుందో తెలిశాక, దాన్ని మళ్లీ బతికిద్దామన్న ఆశ వదులుకున్నాను. సెల్‌లో నెగెటివ్ వైపు గ్రాఫైట్ పూత ఉంటుంది, అది రాగి రేకు మీద అంటి ఉంటుంది. గ్రాఫైట్‌లోని లిథియం దాదాపు అంతా అయిపోయాక కూడా కరెంటు లాగుతూనే ఉంటే, ఆ రాగే కరగడం మొదలవుతుంది. కరిగిన రాగి, మళ్లీ ఛార్జ్ పెట్టినప్పుడు వెనక్కి వచ్చి పేరుకుంటుంది. అయితే రేకులా కాదు, ఎక్కడ పడితే అక్కడ ముళ్లలా. రెండు వైపులనీ విడదీసే పల్చని పొరని ఆ ముల్లు దాటిందంటే లోపలే షార్ట్. అందుకే ఇలాంటి సెల్ పడి ఉన్నప్పటికంటే, ఛార్జర్ మీద ఉన్నప్పుడూ ఆ తర్వాతా ఎక్కువ ప్రమాదం.

మామూలు లైపో ఛార్జర్ ఇంత తక్కువ వోల్టేజ్ చూడగానే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. దాన్ని మోసం చేయడానికి నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెట్టి కాసేపు ఎక్కించే చిట్కా ఒకటి చాలామందికి తెలుసు. దాచడమెందుకు, కొన్నేళ్ల కిందట ఒక చిన్న సెల్‌కి నేనూ చేశాను. చక్కగా 4.2 దాకా ఎక్కింది, నేనేదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. మర్నాటికి, ఏమీ తగిలించకుండానే, 3.9. వారం తిరిగేసరికి దిండులా ఉబ్బింది. ఛార్జర్ ఎర్రర్ చూపిస్తోందంటే పాపం అది మన మంచికే చెబుతోంది.

విమానాలు లేనివాళ్లకి ఈ గొడవ లేదనుకోకండి. బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్లు చేసేవాళ్లకి ఇంకా ఎక్కువ. నేను 1000 మిల్లీయాంప్ అవర్ సెల్‌తో గది ఉష్ణోగ్రత నమోదు చేసే పెట్టె ఒకటి చేశాను. ప్రాసెసర్ డీప్ స్లీప్‌లో మైక్రోయాంపులే తింటుందని డేటాషీట్‌లో చదివి, నెలల తరబడి నడుస్తుందని అనుకున్నాను. తొమ్మిదో రోజుకి గప్‌చుప్. ప్రాసెసర్ నిజంగానే నిద్రపోతోంది, మేలుకుని తింటున్నది దానికి వెళ్లే వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే, పక్కనున్న ఏఎమ్ఎస్1117 రెగ్యులేటర్. ఏ పనీ లేకపోయినా దానికి సుమారు 5 మిల్లీయాంపులు కావాలి. వెయ్యిని ఐదుతో భాగిస్తే 200 గంటలు, ఎనిమిది రోజుల చిల్లర. తమాషా ఏంటంటే, నేను అనుమానించింది బ్యాటరీ వోల్టేజ్ కొలవడానికి పెట్టిన రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లని. అవి తినేది 21 మైక్రోయాంపులు, వాటికే వదిలేస్తే అయిదేళ్లు పట్టేది.

ఆ సెల్‌కి, వోల్టేజ్ మరీ తగ్గితే కరెంటు ఆపేసే ప్రొటెక్షన్ బోర్డు ఉంది కాబట్టి పూర్తిగా పాడవలేదు. కానీ ఆ బోర్డుని నమ్ముకోవడం గురించి ఒక మాట. చవక బోర్డుల్లో ఎక్కువగా కనిపించే డీడబ్ల్యూ01 చిప్ కరెంటు ఆపేది సుమారు 2.4 వోల్టుల దగ్గర. మనం చెప్పుకునే 3 వోల్టుల గీతకి అది చాలా కింద. ఆ స్థితిలో సెల్‌లో మిగిలింది దాదాపు శూన్యం. చిప్ తాగే కాస్త కరెంటూ, సెల్ తనంతట తాను కోల్పోయేదీ కలిసి, పట్టించుకోకుండా వదిలేస్తే ఇంకా కిందికి లాగేస్తాయి. రోజూ ఆ బోర్డే ఆపాల్సి వస్తోందంటే మన డిజైన్‌లో తప్పున్నట్టే.

ఇప్పుడా పెట్టెలో రెగ్యులేటర్ మార్చాను. మైక్రోయాంపుల్లో తినేది, ఆన్ ఆఫ్ చేయడానికి ఎనేబుల్ పిన్ ఉన్నది పెట్టాను. సెల్ 3.3కి దిగితే వోల్టేజ్ డిటెక్టర్ ఒకటి ఆ పిన్‌ని ఆపేస్తుంది, 3.6 దాటితే గానీ మళ్లీ వదలదు. ఈ రెంటి మధ్య ఎడం లేకపోతే లోడ్ తీయగానే వోల్టేజ్ కాస్త పైకి లేస్తుంది, వెంటనే ఆన్ అవుతుంది, మళ్లీ పడుతుంది, ఇలా తెల్లార్లూ కొట్టుకుంటూనే ఉంటుంది. 3.3 దగ్గరే ఆపితే సరుకు వృథా కాదా అని అడుగుతారు. 3.5 కిందికి దిగాక లైపో కొండ మీంచి దొర్లినట్టే పడుతుంది, ఆ కింద మిగిలేది చాలా కొద్ది. దానికోసం సెల్‌ని పణంగా పెట్టక్కర్లేదు.

విమానం విషయంలో వోల్టేజ్ కంటే నేను నమ్మేది టైమర్‌ని. ఒక్కో సెల్ లోపలి రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌లే అయినా 20 యాంపులు లాగితే 0.2 వోల్టు కనబడకుండా పోతుంది, అందుకని గాల్లో చూపించే అంకె వేరు, దిగాక చూపించేది వేరు. దిగాక ఛార్జర్ ఎంత ఎక్కించిందో చూస్తాను. 1760 దాటితే తర్వాతి సారి టైమర్ అర నిమిషం తగ్గిస్తాను. బ్యాలెన్స్ ప్లగ్‌కి, ఏ సెల్ తగ్గినా మోగే బజర్ కూడా ఉంటుంది, ఎందుకంటే మొత్తం 10.2 బాగానే కనిపించినా లోపల 3.6, 3.6, 3.0 ఉండొచ్చు. ఆ బజర్‌ని కూడా పీకాలండోయ్. కాపలా కుక్కే అన్నం తినేసినట్టు, దాన్ని రాత్రంతా వదిలేస్తే అదే సెల్స్‌ని తాగేస్తుంది.

పోయిన ప్యాక్‌ని వైర్ల కొసలు విడివిడిగా టేప్ చేసి, ఇసుక పోసిన ఇనప డబ్బాలో కొన్నాళ్లు బయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేశాను.

మిగతావి 3.8 దగ్గర నిలవ ఉంటాయి. నెలకోసారి మా అమ్మాయి మీటర్ పట్టుకుని అంకెలు చదువుతుంది, నేను రాసుకుంటాను. మొన్న ఒక ప్యాక్‌లో 3.81, 3.82, 3.64 వచ్చింది. "ఇది గురక పెట్టేలా ఉంది నాన్నా" అని పక్కన పెట్టేసింది. ఈసారి నేను వెంటనే లేచి చూశాను.