మా గోడ మీద గ్రూప్ సి

హాల్లో టీవీ పక్కన గోడకి మా పెద్దాడు ఒక చార్టు అంటించాడు. పాత క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, నాలుగు దేశాల పేర్లు రాశాడు. బ్రెజిల్, మొరాకో, స్కాట్లాండ్, హైతీ. జూన్ 11న మొదలయ్యే ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఇది గ్రూప్ సి. మొత్తం 48 జట్లు, 12 గ్రూపులు. మిగతా 11 గ్రూపులూ వాడి నోట్‌బుక్‌లోనే ఉన్నాయి, గోడెక్కింది ఇదొక్కటే.

పేర్లు తెలుగులో రాశాడు. వాడికి పదమూడేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ బెంగళూరు మారతహళ్ళిలో. బళ్ళో ఇంగ్లీషు, కన్నడం, గ్రౌండులో కన్నడం, హిందీ, తెలుగు ఇంట్లోనే. నరసరావుపేట నుంచి మా అమ్మ వచ్చి ఉంది కదా, ఆవిడ చదువుకోవాలని తెలుగులో రాశాడు. దగ్గరికెళ్ళి చూస్తే అక్షరాల తలకట్టు మనలా లేదు. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది. వాడిది కన్నడ బళ్ళో నేర్పినట్టు అడ్డంగా సాగి, చివర కొక్కెంలా వంగింది. స్కాట్లాండ్‌లో ట కింద ల వత్తు కుదరక మూడుసార్లు కొట్టేసి రాశాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, "హైతికి గుడి కాదురా నాన్నా, గుడిదీర్ఘం పెట్టు" అంది. పెట్టాడు.

బెంగళూరులో ఉంటూ ప్రవాసం ఏమిటి అని మా బంధువుల్లో కొందరంటారు. కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి ఊళ్ళో ఉంటాం, నిజమే. కానీ పిల్లాడికి వీధిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష అయినప్పుడు, డాలస్‌లో ఉన్న మా అక్క పడ్డ దిగులే నేనూ పడ్డాను.

రెండేళ్ళ క్రితం అమ్మ ఫోన్లో ఏదో అడిగితే వీడు "గొత్తిల్ల అజ్జీ" అన్నాడు, తెలీదు అమ్మమ్మా అని కన్నడంలో. కావాలని అనలేదు. అప్పుడే ఆడుకుని వచ్చాడు, నోట్లో ఆ మాటే ఉంది. అమ్మ ఒక్క క్షణం ఆగి, "సరే నాన్నా, అమ్మకియ్యి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో కన్నడం మాట్లాడకూడదని రూలు పెట్టాను. దాంతో వాడి తెలుగు పెరగలేదు, మాటలే తగ్గిపోయాయి. అడిగినదానికి ఆ, ఊ అనేవాడు. ఒకరోజు బాత్రూం తలుపు వెనక అన్నాచెల్లెళ్ళిద్దరూ గుసగుసగా కన్నడంలో చెప్పుకుని నవ్వుకోవడం విన్నాను. నెల తిరక్కుండా ఆ రూలు తీసేశాను. నేను చేసిన తప్పుల్లో అదొకటి. ఆ గుసగుసలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈ గ్రూపే ఎందుకు గోడెక్కిందో చార్టు కింది భాగం చూస్తే అర్థమైంది. ఆటగాళ్ళ పేర్ల పక్కన వాళ్ళ గోల్స్ గానీ క్లబ్బులు గానీ లేవు. పుట్టిన ఊళ్ళున్నాయి. అష్రఫ్ హకీమీ, మాడ్రిడ్. బ్రాహిమ్ డియాజ్, మలగా. ఇద్దరూ స్పెయిన్‌లో పుట్టారు, ఆడేది మొరాకోకి. డియాజ్ అయితే స్పెయిన్ తరఫున ఒక మ్యాచ్ కూడా ఆడి, 2024లో మొరాకోకి మారాడు. 2022లో కతార్ వెళ్ళిన మొరాకో జట్టులో 26 మందికి 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్ళే. అప్పటి కోచ్ వలీద్ రెగ్రాగీ కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవాడే. ఆ జట్టే స్పెయిన్‌ని పెనాల్టీల్లో, పోర్చుగల్‌ని 1-0తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళింది. ఆఫ్రికా నుంచి అంత దూరం వెళ్ళిన మొదటి జట్టు అదే.

హకీమీ వాళ్ళమ్మ మాడ్రిడ్‌లో ఇళ్ళల్లో పని చేసేది, నాన్న వీధిలో సరుకులు అమ్మేవాడు. స్పెయిన్ జట్టు శిక్షణకి వెళ్ళి చూశాననీ, ఇంట్లో తాను పెరిగిన తీరు వేరు కాబట్టి అక్కడ సొంతం అనిపించలేదనీ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అదే స్పెయిన్ మీద ఆఖరి పెనాల్టీ అతనే కొట్టాడు, బంతిని గోల్ మధ్యలోకి మెల్లగా లేపి. అంతకు ముందు బెల్జియంని గెలిచిన రోజు స్టాండ్స్ దగ్గరికి పరుగెత్తితే వాళ్ళమ్మ చెంప మీద ముద్దు పెట్టిన ఫొటో ఉంది. నేను ఆ ఫొటో దాచుకున్నాను. ఇళ్ళు తుడిచి వచ్చి ఆవిడ వండిపెట్టిన అన్నమూ, ఆవిడ మాట్లాడిన భాషా వాడిలో అలా నిలిచిపోయాయని నాకనిపించింది. ఆవిడ ఏ రూలూ పెట్టి ఉండదు.

ఆటగా చూస్తే ఈ గ్రూపులో మొరాకోదే మొదటి స్థానమని నా నమ్మకం. బ్రెజిల్ అభిమానులు ఒప్పుకోరు. అయినా 2023 మార్చిలో టాంజియర్‌లో ఇదే బ్రెజిల్‌ని 2-1తో ఓడించారు. 2025లో వాళ్ళ అండర్-20 పిల్లలు అర్జెంటీనాని ఫైనల్లో 2-0తో కొట్టి ప్రపంచ కప్ గెలిచారు. వెనక వచ్చే తరం కూడా గట్టిదే.

బ్రెజిల్ గురించి నేను చెప్పేదేముంది. ప్రతి ప్రపంచ కప్పూ ఆడిన ఏకైక జట్టు, ఐదు కప్పులు. ఇక్కడ బెంగళూరులోనే హలసూరు పక్కన గౌతమపురలో పెలే విగ్రహం ఉంది, అంబేడ్కర్, బుద్ధుడు, మదర్ థెరిసాల సరసన. మా వాడి కోచ్ ఒక ఆదివారం పిల్లలందర్నీ అక్కడికి తీసుకెళ్ళాడు. వచ్చినప్పటి నుంచి మా చిన్నది పసుపు గౌనే వేసుకుంటానంటుంది. ఆ అభిమానం సంగతి అలా ఉంచితే, ఈసారి దక్షిణ అమెరికా అర్హత పోటీల్లో బ్రెజిల్ అయిదో స్థానంతో గట్టెక్కింది, అర్జెంటీనా చేతిలో 4-1తో ఓడింది. ఆఖరి కప్పు 2002లో. 2025 మేలో ఇటలీకి చెందిన ఆన్చెలోట్టిని కోచ్‌గా తెచ్చుకున్నారు. వినీసియస్, రఫీన్యాలాంటి వాళ్ళున్న జట్టు రెండో రౌండుకి ఎలాగూ వెళ్తుంది. ఆ తర్వాత సంగతి మీదే నాకు అనుమానం.

స్కాట్లాండ్ కథ మావారికి ఇష్టం. 1998లో కాలేజీ హాస్టల్లో కూర్చుని చూశారట. అప్పుడు కూడా ఇదే వరస: బ్రెజిల్, మొరాకో, స్కాట్లాండ్ ఒకే గ్రూపు, నాలుగోది నార్వే. టోర్నీ మొదటి మ్యాచ్‌లోనే స్కాట్లాండ్ వాళ్ళు బ్రెజిల్ చేతిలో 2-1తో ఓడారు. ఆఖరి రోజు మొరాకో 3-0తో స్కాట్లాండ్‌ని కొట్టింది. రెండో రౌండుకి వెళ్ళిపోయామని మొరాకో వాళ్ళు సంబరంలో ఉండగా, అవతలి మైదానంలో నార్వే ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి బ్రెజిల్‌ని ఓడించింది. మొరాకో, స్కాట్లాండ్ రెండూ ఇంటికే. అప్పటి నుంచి స్కాట్లాండ్‌కి మళ్ళీ ప్రపంచ కప్ లేదు, 28 ఏళ్ళు. దానితో కలిపి ఆడిన ఎనిమిదిసార్లూ మొదటి రౌండు దాటలేదు. పోయిన నవంబర్ 18న గ్లాస్గోలో డెన్మార్క్‌ని 4-2తో ఓడించి వచ్చారు. మూడో నిమిషంలో మెక్‌టామినే గాల్లో వెనక్కి పల్టీ కొట్టి వేసిన గోల్ మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. ఆ మెక్‌టామినే పుట్టింది ఇంగ్లండ్‌లోని లాంకస్టర్‌లో. వాళ్ళ నాన్న స్కాట్లాండ్ మనిషి. మా వాడు అది కూడా రాశాడు.

హైతీ దగ్గరికొచ్చేసరికి అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకి ఫుట్‌బాల్ తెలియదు. కానీ హైతీ జట్టు సొంత దేశంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ప్రపంచ కప్‌కి వచ్చిందని మనవడు చెప్పగానే, "అదేమిట్రా, సొంతూళ్ళో ఆడుకోటానికి లేకపోవడం ఏమిటి?" అంది. హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఎక్కువ భాగం సాయుధ ముఠాల చేతుల్లో ఉంది. అందుకని అర్హత పోటీల ఆఖరి రౌండులో వాళ్ళ సొంత మ్యాచ్‌లన్నీ సముద్రం అవతల క్యురసావ్ ద్వీపంలో ఆడారు. కోచ్ సెబాస్టియన్ మిన్యే ఫ్రెంచి మనిషి. ఆ జట్టుని ప్రపంచ కప్‌కి చేర్చేనాటికి ఆయన హైతీలో అడుగే పెట్టలేదు. నికరాగువాని 2-0తో ఓడించి అర్హత సాధించింది కూడా నవంబర్ 18నే. 1803లో అదే తేదీన వెర్తియేర్ యుద్ధంలో వాళ్ళ పూర్వీకులు ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. బానిసలుగా తెచ్చిన వాళ్ళు తిరగబడి సొంత దేశం కట్టుకున్న గడ్డ అది.

ఇంతకు ముందు ప్రపంచ కప్ ఆడింది 1974లో ఒక్కసారే. అప్పుడు ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ 1100 నిమిషాలకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లలో గోల్ ఇవ్వకుండా ఉన్నాడు. ఎమ్మాన్యుయెల్ సనోన్ అనే హైతీ కుర్రాడు ఆ గోడ బద్దలు కొట్టాడు. మ్యాచ్ 3-1తో ఓడిపోయారు, అయినా ఆ గోల్ ఆ దేశంలో తరాలుగా చెప్పుకుంటున్నారు. "డెబ్భై నాలుగంటే నాకింకా పెళ్ళి కాలేదు" అంది అమ్మ.

ఈ జట్టులోనూ దేశం బయట పెరిగిన పిల్లలు చాలామంది. బెల్‌గార్డ్ పారిస్ పక్కన పుట్టి, ఫ్రాన్స్ యువ జట్లకి ఆడి, 2025లో హైతీకి వచ్చాడు. పియెరో హైతీలో పుట్టి, చిన్నప్పుడే మసాచుసెట్స్ వచ్చి అక్కడ పెరిగాడు. హైతీకి అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన డకెన్స్ నజోన్ కూడా పారిస్ శివారులోనే పుట్టాడు. అతను మనకి కొత్తవాడు కాదు, 2016లో కేరళ బ్లాస్టర్స్‌కి ఆడాడు, ఆ ఏడు ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. కోస్టరికా మీద 3-3 డ్రా అయిన మ్యాచ్‌లో మూడు గోల్సూ అతనివే.

హైతీ మొదటి మ్యాచ్ బోస్టన్ దగ్గర, స్కాట్లాండ్‌తో. హైతీ పౌరులు అమెరికా రాకుండా 2025 జూన్ నుంచి నిషేధం ఉంది. ఆటగాళ్ళకీ కోచ్‌లకీ మినహాయింపు ఇచ్చారు గానీ అభిమానులకి లేదు. కాబట్టి గ్యాలరీలో నీలం ఎరుపు జెండాలు పట్టుకునేది అమెరికాలో స్థిరపడ్డ హైతీ వాళ్ళే, బోస్టన్ చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఉన్నారు. వలస వెళ్ళిన తల్లిదండ్రులు, వాళ్ళ పిల్లలు. ఆ పిల్లల్లో చాలామంది హైతీ చూసి ఉండరు. అది తలుచుకుంటే నాకు మ్యాచ్ మొదలవకముందే గొంతు పట్టేస్తోంది. ఫలితం మాట కొస్తే, మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో 8 ముందుకెళ్తాయి. బ్రెజిల్, మొరాకో మొదటి రెండూ పంచుకుంటాయనుకుంటే హైతీకీ స్కాట్లాండ్‌కీ ఈ మ్యాచే ప్రాణం. స్కాట్లాండ్‌దే పై చేయి అని బుద్ధి చెబుతోంది.

ఇదంతా విని నేను కొంచెం పొంగిపోయినట్టున్నాను. "చూశావా, ఎక్కడ పుట్టినా అమ్మానాన్నల ఊరికే ఆడుతున్నారు" అనేశాను. వాడు చార్టు మీంచి తలెత్తలేదు. "లమీన్ యమాల్ స్పెయిన్‌కే ఆడతాడు కదమ్మా, వాళ్ళ నాన్నది మొరాకో" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. వాడన్నది నిజమే. యమాల్ గోల్ కొట్టినప్పుడల్లా వేళ్ళతో 304 చూపిస్తాడు, అది తను పెరిగిన రొకాఫోండా పేట పిన్‌కోడ్ చివరి అంకెలు. ఆ పిల్లాడికి అదే ఊరు. రేపు మా వాడు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడేంతవాడైతే కర్ణాటకకే ఆడతాడు. 2023లో రియాద్‌లో మేఘాలయని 3-2తో ఓడించి, 54 ఏళ్ళ తర్వాత కర్ణాటక ఆ కప్పు గెలిచిన రోజు వీడు వీధంతా అరుస్తూ తిరిగాడు. ఆ రోజు నాకు చివుక్కుమంది. ఇప్పుడు అదే తలుచుకుంటే, గెలిచిన జట్టు నా బిడ్డ జట్టే కదా, నేనూ వాడితో కలిసి అరిచి ఉండాల్సింది అనిపిస్తోంది.

"నేను గోల్ కొడితే 037 చూపిస్తా, మారతహళ్ళి" అన్నాడు వాడు.

"మన పేటది 522601 రా" అంది అమ్మ. మా నాన్న మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ ఇన్‌ల్యాండ్ కవర్ల మీద ఆ ఆరంకెలు ఎన్ని వందలసార్లు రాసిందో. వాడు చార్టు కింద మూల రెండు నంబర్లూ రాసుకున్నాడు. 037లో ఏడుకి, 601లో ఆరుకి రెండు చేతులూ కావాల్సొచ్చాయి. చెల్లెల్ని పిలిచి, ఒక నంబరు నువ్వు, ఒకటి నేను అని పంచుకున్నారు.

జూన్ 14 ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి బ్రెజిల్, మొరాకో. ఆరున్నరకి హైతీ, స్కాట్లాండ్. అమ్మకి జూన్ 9కి తిరుగు టికెట్ ఉంది. నిన్న రాత్రి పళ్ళెం కడుక్కుంటూ, "ఆ టికెట్ ఓ వారం వెనక్కి జరపమని అల్లుడుగారితో చెప్పవే, హైతీ పిల్లల ఆట చూసి వెళ్తాను" అంది.