ఏం చదువుతున్నారని అడగకూడదట

పోయిన నెల ఇక్కడ టోక్యోలో మా టీమ్‌లోకి ఒకమ్మాయిని తీసుకోవడానికి ఇంటర్వ్యూ పెడితే నన్నూ కూర్చోబెట్టారు. పని ప్రశ్నలన్నీ అయిపోయాయి. ఆ పిల్ల నల్ల సూట్లో కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంది, ఒళ్ళోంచి చేతులు కదల్లేదు. కాస్త తేలికపడుతుందని, "ఈమధ్య ఏం పుస్తకాలు చదువుతున్నారు?" అన్నాను. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న హెచ్‌ఆర్ ఆవిడ నవ్వుమొహంతోనే, "దానికి జవాబు చెప్పక్కర్లేదండీ" అనేసి, చేరే తేదీ సంగతుల్లోకి వెళ్ళిపోయింది. తర్వాత నన్ను చిన్న గదిలోకి పిలిచి, తలుపు వేసి, తల వంచి మరీ చెప్పింది: అలాంటివి మనం అడగకూడదు అని.

ఒళ్ళు మండింది. నేనేమన్నా కులం అడిగానా, పెళ్ళెప్పుడని అడిగానా?

మనకి అది మాట కలిపే ప్రశ్న. బెజవాడలో పినాకిని ఎక్కి పుస్తకం తీశామా, తెనాలి దాటేలోపు ఎదురు సీటాయన మెడ తిప్పి అట్ట మీద పేరు చదివేస్తాడు. ఒంగోలు వచ్చేసరికి "నవలాండీ? ఎవరు రాసింది?" అంటాడు. నెల్లూరుకల్లా పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది, మనం కిటికీలోంచి చూస్తూ ఉంటాం. పేపరు సంగతి సరేసరి. మెయిన్ ఈయనకి, జిల్లా పేజీలు ఆయనకి, సినిమా పేజీ పక్క సీటు కుర్రాడికి. విసుగు రాదా అంటే వస్తుంది. కానీ దిగేటప్పుడు, "మిగతాది కూడా బావుంటుంది, చదవండి" అని ఆయనకే సిఫారసు చేసి మరీ దిగుతాం.

ఇక్కడ నేనుండేది టోక్యోలో నిషికసాయి. మనవాళ్ళు బాగానే ఉన్నారు, కరివేపాకుకి లోటు లేదు. పొద్దున్నే తోజాయ్ లైన్లో ఓతెమాచి వైపు వెళ్ళే రైళ్ళలో ఊపిరాడదు. అందరూ ఫోన్లే చూస్తున్నా, ఆ తోపులాటలో పుస్తకం చదివేవాళ్ళు ఇంకా ఉన్నారు. పోస్టుకార్డంత పుస్తకాలు, బుంకో అంటారు. 1927లో ఇవానామి అనే ప్రచురణకర్తలు ఈ చిన్న సైజులో చౌక పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టాక బాగా పాకాయి. ఒంటి చేత్తో పట్టుకుని, బొటనవేలితోనే పేజీ తిప్పేస్తారు. ఏం చదువుతున్నారో మాత్రం చచ్చినా తెలీదు, ఎందుకంటే పైన కాగితం అట్ట ఉంటుంది.

ఆ అట్ట కొట్లోనే వేసిస్తారు. డబ్బు తీసుకుంటూనే "కవర్ వెయ్యమంటారా?" అని అడుగుతుంది కౌంటర్ అమ్మాయి. ఊ అంటే, ముందే పైనా కిందా మడిచి పెట్టుకున్న కాగితం పరిచి, పుస్తకాన్ని మధ్యలో పెట్టి, ఎడమ రేకు లోపలికి, కుడి రేకు లోపలికి, గోటితో ఒక్క గీత. నేను చిల్లర జేబులో వేసుకునేలోపు అయిపోతుంది. బయటికి కనబడేది కొట్టు పేరొక్కటే. లోపల ప్రేమకథా, షేర్ మార్కెట్టా, బూతా అన్నది చదివేవాడికీ కొట్టువాడికీ తప్ప మూడో మనిషికి తెలీదు. అట్టలు మనమూ వేశాం, ప్రతి జూన్‌లోనూ. కానీ దాని మీద లేబుల్ అంటించి పేరు, తరగతి, సబ్జెక్టు అన్నీ గుండ్రంగా రాసి ఊరందరికీ చూపించాం.

హెచ్‌ఆర్ ఆవిడ మర్నాడు ఒక కాగితం పంపింది. ఉద్యోగానికొచ్చినవాళ్ళని ఏమేం అడక్కూడదో ఇక్కడి కార్మిక శాఖ కంపెనీలకి చెప్పిన జాబితా. పుట్టిన ఊరు, ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు, ఉండే ఇల్లు ఎలాంటిది, మతం, పార్టీ, యూనియన్, ఎవరంటే గౌరవం. వాటి సరసనే, ఏ పేపరు చదువుతారు, ఏ పుస్తకాలు ఇష్టం.

ఇంత పట్టుదల ఎందుకా అని తవ్వితే, వెనకాల బురాకు వాళ్ళ కథ ఉంది. తోలు పని, పశువుల కోత లాంటివి చేశారని వెలివేసిన వాళ్ళ సంతతి. 1871లోనే ఆ హోదాని చట్టం రద్దు చేసింది, జనం చెయ్యలేదు. మొహం చూసి పోల్చలేరు కాబట్టి ఊరిని బట్టి పోలుస్తారు. వాళ్ళ పేటల పేర్లన్నీ వరసగా అచ్చేసిన పుస్తకాల్ని కంపెనీలు గుట్టుగా కొని దగ్గర పెట్టుకున్నాయని 1975లో బయటపడింది.

ఊరు, వీధి, ఇంటిపేరు. ఈ విద్య మనకొకరు నేర్పాలా? "ఏ ఊరు బాబూ" అన్న పెద్దాయన "ఏ బజారు" దాకా వెళ్ళకుండా ఆగడు. అమీర్‌పేట హాస్టల్లో మా గదిలో ఒకతను ప్రతి పుస్తకానికీ పేపరు అట్ట వేసుకునేవాడు. ఏం బుక్కు అని అడిగితే "పోటీ పరీక్షలదే అన్నా" అనేవాడు. ఒకరోజు ఫ్యాను గాలికి అట్ట లేచి, కింద అంబేడ్కర్ బొమ్మ కనబడింది. అతను చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ గదిలో మిగతా ముగ్గురి ఇంటిపేర్లేమిటో అతనికి మొదటిరోజే తెలుసు, మేమే చెప్పుకున్నాం కాబట్టి.

సరే, ఇంటర్వ్యూ గదిలో ఆ పిల్ల ఉద్యోగం నా చేతిలో ఉంది, అడగకపోవడమే న్యాయం. మరి లంచ్ టేబుల్ దగ్గరో? ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చునే పెద్దమనిషి ఏ స్టేషన్లో ఎక్కుతాడో తెలుసు, వసంతం వస్తే సుగి చెట్ల పుప్పొడికి ఎన్ని తుమ్ములు తుమ్ముతాడో తెలుసు. ఆయన డ్రాయర్లో ఎప్పుడూ ఒక బుంకో ఉంటుంది. దాని పేరు తెలీదు. అక్కడ ఎవడి ఉద్యోగం పోతుందని?

పుస్తకం గురించి మాట్లాడే నోళ్ళు ఇక్కడ లేకపోలేదు, కాకపోతే అవి కొట్లో అలమరలకి అంటించి ఉంటాయి. కొట్లో పనిచేసేవాళ్ళు తాము చదివి మెచ్చిన పుస్తకం పక్కన రంగు పెన్నులతో చేత్తో రాసిన చిన్న అట్టముక్క పెడతారు. ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ నవ్వారో అన్నీ చెప్పేస్తారు, రాసిందెవరో మాత్రం చాలాసార్లు ఉండదు. 2004 నుంచీ ఈ కొట్లవాళ్ళే ఓట్లేసి ఏటా ఒక నవలకి బహుమతి కూడా ఇస్తున్నారు. నాకు ఆ అట్టముక్కలే పినాకిని పెద్దాయనలు.

అలాంటి ముక్క ఒకటి చూసే నత్సుమే సోసెకి నవల "బొచ్చాన్" కొన్నాను, కష్టమైన కాంజీ అక్షరాల పక్కన ఉచ్చారణ వేసి ఉండే పిల్లల ప్రతి. 1906 నాటిది. టోక్యో కుర్రాడు లెక్కల మాస్టారుగా షికోకు దీవిలో ఓ చిన్న ఊరికి పోతాడు. సాయంత్రం టెంపురా సోబా, అంటే బజ్జీల్లాంటివి వేసిన నూడుల్స్, నాలుగు గిన్నెలు లాగిస్తే, మర్నాడు క్లాసులో బోర్డు మీద "టెంపురా మాస్టారు" అని రాసుంటుంది. ఇంకోరోజు దాంగో అనే పిండి ఉండలు తింటే, రెండు ప్లేట్లు ఏడు సెన్లు అని ధరతో సహా. వేణ్ణీళ్ళ తొట్లో ఈతకొడితే, ఈదరాదని అక్కడొక బోర్డు, బళ్ళోనూ అదే రాత. ఊరు ఊరంతా తనని కనిపెట్టుకుని ఉందని వాడికి చిరాకు, తిట్టని పేజీ లేదు. నాకేమో ఆ ఊళ్ళో ఓ గది అద్దెకి దొరికితే బావుండనిపిస్తోంది. ఎన్ని గిన్నెలు తిన్నాడో లెక్కపెట్టారు కదా!