మిద్దె మీది గది

క్షయ నయమైందని తేలి చాలా కాలమైంది కనుక ఇప్పుడు నింపాదిగా రాయగలుగుతున్నాను. కఫం పరీక్ష, ఎక్స్‌రే, ఆరు నెలల మాత్రలు, మూత్రం ఎర్రగా వస్తే బెదిరిపోవడం ఈ జబ్బు పడినవాళ్ళకు తెలిసినవే. నేను మరిచిపోలేనిది ఒక మాట. రిపోర్టు చూసిన డాక్టరుగారు ఎదురుగా కూర్చున్న నా ముఖం చూడకుండా, "కొన్నాళ్ళు ఆమెను పుట్టింటికి పంపించండి" అని నా భర్తతో అన్నారు. బయట వరండాలో అదే జబ్బుతో ఉన్న ఒక పెద్దాయనకు భార్య జొన్నరొట్టె తుంచి పెడుతోంది. ఆయనను ఎక్కడికీ పంపించమని ఎవరూ అనలేదు.

నాకు పుట్టింట అమ్మ లేదు. అందువల్ల కర్నూలు పాతబస్తీలోని మా ఇంట్లోనే, ఎండాకాలం పెనంలా కాలే మిద్దె మీది గదిలోకి నా మంచం చేరింది. కంచం, చెంబు వేరయ్యాయి. ఈ జబ్బు గాలి ద్వారా అంటుతుందే గాని కంచాల వల్ల కాదనీ, మందులు సక్రమంగా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందనీ ఆశా కార్యకర్త ఎంత చెప్పినా మా అత్తగారు నమ్మలేదు. అయినా రోజూ గుడ్డు ఉడకబెట్టి, మెట్ల మీద పెట్టి, "అమ్మీ, చల్లారకముందే తిను" అని కేకేసింది ఆవిడే. ఆవిడ మీద కోపం ఎప్పుడూ పూర్తిగా నిలవదు.

ఒక రాత్రి దగ్గులో రక్తం పడింది. స్టీలు గిన్నెలో నురుగుతో కలిసిన ఆ ఎరుపును సెల్‌ఫోన్ వెలుతురులో చూసి, ఎవరికి చేయాలో తెలియక ఫోను పట్టుకుని కూర్చున్నాను. నంద్యాలలో చెల్లెలుంది, కానీ అర్ధరాత్రి దాని ఫోను మోగితే అత్తగారిల్లంతా లేచి దాన్నే సంజాయిషీ అడుగుతారు. మంత్రాలయం రాఘవేంద్రస్వామికి మొక్కుకుంటూ తెల్లవార్చాను. పొద్దున్నే నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది ఆ ఆశా అమ్మాయే. మొక్కు తీర్చుకున్నాను గాని, ఆమె రుణం తీర్చుకోలేదు.

మందులు పూర్తయ్యాక నా భర్త ఒక సంగతి చెప్పారు. ఆ రాత్రి నా దగ్గు విని, పైకి రావడానికి భయపడి, చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నారట. రోజూ సాయంత్రం టీ బంకు దగ్గర తుంగభద్ర నీళ్ళ గురించి, ఎన్నికల గురించి గంటలకొద్దీ మాట్లాడే మనిషి, భార్యకు క్షయ అని ఒక్క స్నేహితుడితో అనలేదు. మగవాడు ఇంటి బాధ బయట చెప్పుకుంటే చులకనైపోతాడట. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. మా ఇంట్లో ఉన్న నలుగురిలో ఇద్దరం అదే మెట్లకు పైనొకరం, నడుమనొకరం ఉన్నాం. ఆయన మీద జాలి కలిగింది. మరి కొన్ని మెట్లెక్కి రాలేకపోయారన్న కోపమూ ఇంకా ఉంది.

ఈ జబ్బుతో ఉన్న ఆడవాళ్ళకు నేను చెప్పేదొకటే. ఆసుపత్రిలో పేరు నమోదు చేసేటప్పుడు మీ ఫోను నంబరు, మీ బ్యాంకు ఖాతాయే రాయించుకోండి. తిండికని ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి, అవి మీ చేతికే రావాలి. మాత్రలు వేసుకున్నారా, ఒంట్లో ఎలా ఉందని చికిత్స కేంద్రం నుంచి చేసే ఫోన్లన్నీ నా విషయంలో ఆయన నంబరుకే పోయాయి, ఆయన "బాగుంది" అని చెప్పి పెట్టేసేవారు.