చిల్లింగ్ సెంటర్‌లో ఇంటి వైఫై థర్మామీటర్ పెడితే

చిత్తూరు పక్క పల్లెల్లో పాల సేకరణ కేంద్రం నడిపేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు వైఫై థర్మామీటర్ వస్తుంటే, పాలు చల్లబరిచే ట్యాంకు, అదే బల్క్ కూలర్‌కి అంతకు ఎన్నో రెట్లు పోసి ఇండస్ట్రియల్ది ఎందుకు కొనాలి? రెండూ డిగ్రీలు చూపిస్తాయి, రెండూ ఫోన్‌కి మెసేజ్ పంపుతాయి. నిజమే, అన్నీ సవ్యంగా ఉన్నంతసేపూ తేడా తెలియదు. వైరు తెగినప్పుడు, నెట్ పోయినప్పుడు, వోల్టేజీ పిచ్చిగా ఆడినప్పుడు ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది.

ముందు సెన్సర్ సంగతి. చవక పరికరాల్లో, సొంతంగా తయారుచేసుకునే బోర్డుల్లో తరచూ కనిపించేది డీఎస్18బీ20. చెడ్డదేం కాదు, మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు అర డిగ్రీ అటూ ఇటూగా చెబుతుంది. అయితే కరెంటు అందాక మొదటి కొలత పూర్తికాకముందే చదివితే 85 అంటుంది. వైరు ఊడితే, ఆర్డుయినో అనే చిన్న బోర్డులో అందరూ వాడే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మైనస్ 127 అని ఇస్తుంది. ఇప్పుడు అలారం ‘6 డిగ్రీలు దాటితే మోగాలి’ అని పెట్టారనుకోండి. రాత్రి ఎలుక వైరు కొరికింది. మైనస్ 127 ఆరుకన్నా తక్కువే కాబట్టి అలారం కిక్కురుమనదు. ట్యాంకులో పాలు వేడెక్కుతూనే ఉంటాయి. ఇలాంటి బోర్డే వాడాలనుకుంటే మైనస్ 20 కన్నా తక్కువ వచ్చినా, సరిగ్గా 85 వచ్చినా ‘సెన్సర్ చెడింది’ అని మోగేలా ఇంకో నిబంధన రాసి తీరాలి.

ఫ్యాక్టరీలు ఈ చిక్కును ఎప్పుడో తీర్చుకున్నాయి, 4-20 మిల్లీ ఆంప్ లూప్‌తో, అంటే కొలతను తీగలో పారే కరెంటుగా పంపే పద్ధతితో. సెన్సర్ కొలతను ఈ కరెంటుగా మార్చే ట్రాన్స్‌మిటర్, 0 నుంచి 100 డిగ్రీలది, తీసుకుంటే 0 డిగ్రీల దగ్గర 4 మిల్లీ ఆంప్, 100 దగ్గర 20. అంటే డిగ్రీకి 0.16 చొప్పున, పాలు 4 డిగ్రీల్లో ఉంటే 4.64 రావాలి. వైరు తెగితే సున్నా వస్తుంది. మామూలుగా సున్నా వచ్చే వీలే లేదు కాబట్టి, చదివేవాడికి అది కొలత కాదు, వైరు పోయిందన్న కబురు అని వెంటనే అర్థమవుతుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే.

ట్రాన్స్‌మిటర్‌కి తగిలించే పీటీ-100 సెన్సర్‌ను (వేడిని బట్టి నిరోధం మారేది) మాత్రం మూడు వైర్లదే కొనండి. మూడో వైరుతో తీగ నిరోధాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. 0 డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, డిగ్రీకి సుమారు 0.39 పెరుగుతుంది. రెండు వైర్లది తెచ్చి 20 మీటర్ల దూరం అర చదరపు మిల్లీమీటరు తీగతో లాగితే, పోను రాను తీగ నిరోధమే దాదాపు ఒకటిన్నర ఓము. 4 డిగ్రీల పాలు 8 దగ్గర ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంకేముంది, మంచి కంప్రెసర్‌కి మెకానిక్‌ను పిలిపిస్తారు. మల్టీమీటరుతో సెన్సర్ దగ్గర ఒకసారి, ప్యానెల్ దగ్గర ఒకసారి ఓములు చూస్తే విషయం తేలిపోతుంది.

అలారానికి ఆలస్యం కూడా పెట్టాలి. పొద్దున పాలు 4 డిగ్రీల్లో ఉండగా సాయంత్రం గోరువెచ్చని పాలు పోస్తే ట్యాంకు వేడి పెరగడం సహజం. అలా అనవసరంగా మోగే అలారాన్ని రెండు రోజులు భరించి మూడో రోజు ఎవరో ఒకరు పీకేస్తారు. పోయడం అయ్యాక ఇంత సేపట్లో 4కి దిగకపోతే మోగు అని పెట్టడం మేలు. యాప్‌లో ఆ వీలు లేకపోతే ఆ పరికరం ఈ పనికి రానట్టే.

ఇక మోటార్లు. 16 ఆంప్ స్మార్ట్ ప్లగ్ 2000 వాట్ల గీజర్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. అది లాగేది 9 ఆంప్ లోపే. అదే ప్లగ్‌కి ఒక హెచ్‌పీ పంపు తగిలిస్తే నడిచేటప్పుడు 5, 6 ఆంపే కదా అనిపిస్తుంది గానీ, స్టార్టయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. కొన్నాళ్లకు రిలే కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. యాప్‌లో ‘ఆఫ్’ అని ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. ప్లగ్ తను పంపిన ఆజ్ఞనే చూపిస్తోంది, మోటారు నిజంగా ఆగిందో లేదో చూడటం లేదు. కాబట్టి స్మార్ట్ రిలేతో కాంటాక్టర్ (పెద్ద కరెంటును మోసే స్విచ్) కాయిల్‌ను మాత్రమే నడిపించాలి. మోటారు లోడు కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే మోస్తాయి. కాంటాక్టర్ స్థితి చెప్పే చిన్న ఆక్జిలరీ కాంటాక్టును ఇన్‌పుట్‌కి తెచ్చుకుంటే అది లాగిందో వదిలిందో తెలుస్తుంది. దాని కాంటాక్టులు కూడా అతుక్కోవచ్చు కాబట్టి మోటారు వైరుకి కరెంట్ సెన్సర్ కూడా పెడితే ఇంకా నమ్మకం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఇంటి ప్లగ్ ఆ దెబ్బకు బతకదు. ప్యానెల్‌లో వోల్టేజీ మితిమీరితే సప్లైని తెంపే రిలే పెట్టేది ఇందుకే. సర్జ్ ప్రొటెక్టర్, సరైన ఎర్తింగ్ కూడా ఉండాలి గానీ, అవి క్షణకాలపు దెబ్బలకే పనికొస్తాయి.

నెట్ పోయినప్పటి సంగతి సూటిగా అడిగి కొనాలి. ఇంటి పరికరం చాలాసార్లు నెట్ లేనంతసేపటి లెక్కను గాలికి వదిలేస్తుంది. ఇండస్ట్రియల్ లాగర్ రీడింగులను టైముతో సహా తనలోనే దాచుకుని, నెట్ వచ్చాక వరసగా పంపుతుంది. రాత్రి రెండు నుంచి నాలుగు వరకు పాలు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయన్నదే తగువైతే ఆ రెండు గంటల లెక్కే కావాలి. వైఫైకి ఇంకో తంటా: ఎవరో రూటర్ పాస్‌వర్డ్ మారుస్తారు, అన్ని పరికరాలూ ఒకేసారి మాయమవుతాయి.

ప్యానెళ్ల మధ్య అందుకే డేటా పంపే ఆర్ఎస్-485 వైరు లాగుతారు. 1200 మీటర్ల దాకా పోతుంది, అయితే ఎలా పడితే అలా లాగితే మొండికేస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా పోవాలి, నక్షత్రంలా చీలకూడదు. రెండు కొసల్లో మాత్రమే 120 ఓముల రెసిస్టర్. షీల్డును (కేబుల్ మీది లోహపు తొడుగును) ఒక కొసలోనే ఎర్త్ చేయాలి. మోటారు వేగం మార్చే డ్రైవ్ నుంచి మోటారుకు పోయే కేబుల్ పక్కనే పరిస్తే, మోటారు తిరిగినప్పుడల్లా డేటా ఆగుతుంది. అసలు మాటే కలవకపోతే ముందు ఏ, బీ వైర్లను తారుమారు చేసి చూడండి. కంపెనీకో రకంగా పేరు పెడతాయి. తర్వాత బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పు పట్టే బిట్) రెండు వైపులా ఒకటేనా, రెండు పరికరాలకు ఒకే అడ్రస్ ఉందేమో చూడాలి. డేటా వస్తోంది గానీ అంకె నమ్మలేనంత పెద్దదిగానో వింతగానో ఉంటే, 32 బిట్ల విలువలో రెండు రిజిస్టర్ల (అంకె దాచే గళ్ల) వరస తిరగబడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో వర్డ్ స్వాప్ ఎంచుకుంటే సరి.

మేలో రేణిగుంట వైపు రేకుల షెడ్డు గోడకు బిగించిన పెట్టెలో వేడి బయటికన్నా ఎంతో ఎక్కువ. 40 డిగ్రీల వరకే అని రాసి ఉన్నది అక్కడ నిలవదు. ట్యాంకులు కడిగే చోట నీళ్ల జల్లు దూరని ఐపీ65 పెట్టె పెట్టి, కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి పోయే చోటి బిగింపు) పైవైపు బిగిస్తే నీళ్లు అందులోంచే దిగుతాయి. గ్లాండ్ ఎప్పుడూ కిందికే.

భద్రత విషయంలో ఫ్యాక్టరీవే గట్టివనుకుంటే పొరపాటు. ఆర్ఎస్-485 వైరు మీద పరికరాలు మాట్లాడుకునే భాష మోడ్‌బస్. మామూలు మోడ్‌బస్‌కి పాస్‌వర్డే లేదు. నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు ఎవడైనా రిజిస్టర్ మార్చగలడు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. అందుకే ప్యానెల్‌ను ఆఫీసు వైఫైతో కలపకుండా వేరే ఉంచి, రూటర్‌లో బయటి నుంచి లోపలికి పోర్టులేవీ తెరవకుండా, లోపలి నుంచి బయటికి మాత్రమే డేటా పోనివ్వాలి.

అప్‌డేట్లూ అంతే. ఇంటి బల్బు రాత్రిపూట దానంతటదే అప్‌డేట్ అయినా నష్టం లేదు. జూన్, జూలైల్లో తోతాపురి లోడ్లు గేటు బయట క్యూ కట్టి ఉండగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కంట్రోలర్ రీస్టార్ట్ అయితే ఎవరు ఊరుకుంటారు? ఆ పనులు, క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో సరిచూసుకోవడం) సీజన్ కాని నెలల్లోనే. క్యాలిబ్రేషన్‌లో కనీస పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు: ఫ్లాస్కులో దంచిన ఐసు నింపి, సందుల్లో మాత్రం నీళ్లు పోసి, సెన్సర్‌ను మధ్యలో అయిదు నిమిషాలు ఉంచి కలుపుతూ చూస్తే 0 రావాలి. అక్కడే వైరు పీకి అలారం మోగుతుందో లేదో కూడా చూసేయండి.

బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్ కొనేవాళ్లకు ఇంకో మాట. పాత రకాల్లో ఉండే సిమ్800, సిమ్900 మాడ్యూళ్లు 2జీవి. జియోకి 2జీ లేదు కాబట్టి జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ వేయాలి, లేదంటే 4జీ మాడ్యూల్ ఉన్న స్టార్టరే అడిగి తీసుకోవాలి. మిస్డ్ కాల్‌తో నడిచేదైతే అది వోల్టీ కాల్ (4జీ మీద వచ్చే కాల్) అందుకుంటుందో లేదో షాపులోనే మీ సిమ్ వేసి చూసుకోండి.