పాత లోడరు బుష్‌ల కోసం హైదరాబాద్‌కి

ఖమ్మంలో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి నా భుజం మీద సంచి పన్నెండు కిలోల పైమాటే. అందులో గోనెపట్టాలో చుట్టిన మా లోడరు పిన్ను ఒకటి, ఆ పిన్ను కూర్చునే ఇనుప గొట్టాలు, అంటే బుష్‌లు, అరిగిపోయినవి రెండు. నాన్న సంచిలో ఒక జత బట్టలు, బీపీ మాత్రలు, పాత లుంగీ ముక్కలో చుట్టిన, మందాలు కొలిచే వెర్నియర్ కాలిపర్. కూర్చోగానే నాన్న తన సంచి ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా దాన్ని దించలేదు. ఆ వెర్నియర్ వయసులో నాకన్నా పెద్దది.

మా లోడరు హిందుస్థాన్ 2021. అంబాసిడర్ కారు తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే మద్రాసు దగ్గర తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో ఈ లోడర్లూ చేసేవాళ్ళు. తర్వాత ఆ ఫ్యాక్టరీ క్యాటర్‌పిల్లర్ చేతికి వెళ్ళింది. కాలువ పనులు ముగిశాక ఒక కాంట్రాక్టర్ అమ్మేస్తుంటే నాన్న కొన్నాడు. అప్పటికే అది పాతది. మా కంకర యార్డులో ఇవాళ్టికీ రోజుకు నాలుగైదు గంటలు టిప్పర్లు నింపుతోంది.

ఈ బండికి స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు పక్కకు తిరగవు. బండే నడుము దగ్గర వంగుతుంది. ముందు ఛాసిస్‌నీ వెనక ఛాసిస్‌నీ కలిపేవి నిలువుగా ఉండే రెండు సెంటర్ పిన్నులు, పైన ఒకటి, కింద ఒకటి. ముందు బకెట్ నిండా కంకర, వెనక ఇంజను బరువు, ఆ రెంటి గుంజులాటంతా వాటి మీదే. రోజూ గ్రీజు కొట్టాల్సినవాటిలో మొదట చెప్పాల్సినవి ఇవి.

కింది పిన్ను పోయింది. అది నా వల్లే పోయింది. పోయిన వానాకాలంలో గ్రీజు ఎక్కించే కింది నిప్పుల్ మట్టి పట్టి మూసుకుపోయింది. గ్రీజు గన్ తగిలించి కొడుతుంటే గ్రీజు లోపలికి పోకుండా నిప్పుల్ పక్కనుంచే బయటికి వస్తోంది. లోపలికీ కొంత పోయిందనుకున్నాను. కిందికి పాకి, సీల్ అంచున కొత్త గ్రీజు కనబడిందో లేదో చూడలేదు. మూడు నెలలు అలాగే నడిపాను. ఓ రోజు నాన్న యార్డు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, బండి రివర్స్ తీసుకుంటుంటే చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఏరా, నడుములో టక్కుమంటోంది, వినబడట్లా?" అన్నాడు. నాకు వినబడలేదు. బకెట్ నేలకు దించి, నడుము వంగకుండా లాక్ బార్ వేసి, గడ్డపార పెట్టి ఎత్తి చూస్తే ముందు ఛాసిస్ కళ్ళ ముందే పైకీ కిందికీ కదిలింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మోకాళ్ళ వల్ల నాన్న క్యాబిన్ ఎక్కడం మానేసి నాలుగేళ్ళు. అయినా ఈ ప్రయాణానికి తానూ వస్తానన్నాడు. బుష్ కొలత ఫోన్లో చెప్పే సంగతి కాదట.

రైల్లో నేను ఫోన్ చూస్తూ లోడర్ల పాత చరిత్ర చదివి వినిపించాను. అమెరికాలో హఫ్ కంపెనీ 1947లో నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చి, హైడ్రాలిక్స్‌తో బకెట్ ఎత్తే లోడరు తెచ్చిందనీ, స్వీడన్‌లో బోలిండర్-ముంక్టెల్ వాళ్ళు 1954లో హెచ్-10 తీశారనీ, క్యాటర్‌పిల్లర్ వాళ్ళ మొదటి నడుము వంగే లోడరు 1963లో వచ్చిన 988 అనీ చెప్పాను. నాన్న కిటికీలోంచి చూస్తూనే వింటున్నాడు. "నడుము వంగకముందు లోడరు ఎట్లా తిరిగేదో తెలుసా? వెనక చక్రాలు తిప్పేవాళ్ళు. ఇరుకు జాగాలో ప్రాణం పోయేది" అన్నాడు. అలాంటి బండి మీద కొన్నాళ్ళు హెల్పర్‌గా చేశాడని నాకు అప్పుడే తెలిసింది. అన్నట్టు, మా వైపు ఎక్స్‌కవేటర్ ఏ కంపెనీదైనా పొక్లెయినే. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ పేరని చెబితే నాన్న చాలాసేపు నమ్మలేదు.

రాయగిరి దాటుతుంటే గుట్టల వైపు చెయ్యి చూపించాడు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి రాయి ఇక్కడిదే. 1990లో విగ్రహాన్ని సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే పంటు మునిగి ప్రాణనష్టం జరిగింది. 1992లో గానీ బుద్ధుణ్ణి పైకి తీసి నిలబెట్టలేకపోయారు. ఆ రోజుల్లో నాన్న హైదరాబాద్‌లో ఆపరేటర్. ఆదివారాలు ట్యాంక్‌బండ్ మీద నిలబడి నీళ్ళకేసి చూసేవాడట, అంత బరువును ఎక్కడ పట్టి ఎలా లేపుతారా అని.

సికింద్రాబాద్‌లో దిగి నేరుగా రాణిగంజ్ వెళ్ళాం. పంపులు, బేరింగులు, హోస్ పైపులు, బెల్టులు, ఏది కావాలన్నా ముందు ఇక్కడ అడిగి చూడాల్సిందే. మాకు బకెట్ సిలిండర్‌కు సీల్ కిట్, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు కావాలి. దీనికో కథ ఉంది. పోయినేడాది ఒక షాపులో ఇచ్చిన కిట్ వారానికే ఆయిల్ కారింది. మా సిలిండర్ రాడ్డు రెండున్నర ఇంచులు, అంటే 63.5 మిల్లీమీటర్లు. వాళ్ళిచ్చింది 65 రాడ్డుది. ఒకటిన్నర మిల్లీమీటర్లే కదా అనుకుంటాం. బరువెత్తినప్పుడు ఆయిల్ ఎంత ప్రెషర్‌తో తోసుకొస్తుందో తెలిస్తే ఆ మాట అనం.

ఈసారి మొదటి షాపులో కుర్రాడు 63ది తెచ్చి "వేసేయండి అంకుల్, సాగుతది" అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. అరమిల్లీమీటరు బిగుతైనా సీల్ పెదవి రాడ్డుకు రాసుకుని వేడెక్కి చిరిగిపోతుంది. నాలుగో షాపులో ఒక పెద్దాయన సొరుగు లాగి, ఇంచుల లెక్కలో పేర్చి పెట్టుకున్న అట్టపెట్టెలు తీశాడు. మూత మీద పెన్నుతో రెండున్నర అని ఉంది. నాన్న రాడ్డు మీది దుమ్ము తుడిచే వైపర్ సీల్ వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. గోరుతో పెదవి మీద నెమ్మదిగా గీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాకాలం నిల్వున్న రబ్బరు గట్టిపడి, వంచితే సన్నగా పగుళ్ళు కనిపిస్తాయట. ఇది మెత్తగానే ఉంది. రెండు సెట్లు కొన్నాం.

అక్కణ్ణుంచి బాలానగర్. విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ ఉన్న చోటు, 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నడుస్తున్న చోటు. చుట్టుపక్కల సందుల్లో లేత్ షాపులు వరసగా ఉంటాయి. కటింగ్ ఆయిల్ కాలిన వాసన రోడ్డు మీదికే వస్తుంది. నాన్నకు పాత పరిచయమున్న ఉస్తాద్ ఇప్పుడు అరవై దాటినాయన. నేను గోనెపట్టా విప్పి పిన్ను బల్ల మీద పెట్టాను. ఆయన బొటనవేలు పిన్ను పొడుగునా నడిపి, ఒక చోట ఆపాడు.

"పెద్దాయనా, దీనికి గ్రీజు అందలే."

నాన్న నా పేరు చెప్పలేదు. "అందలేదు ఉస్తాద్" అన్నాడంతే. నేనే చెప్పాను, తప్పు నాదని. ఆయన మందలించలేదు. నన్ను దగ్గరికి పిలిచి, నా వేలు పట్టుకుని అదే చోట పెట్టాడు. అక్కడ పిన్ను చుట్టూ సన్నని కాలువలా గీత పడి ఉంది. గీత పక్కన ఇనుము నీలంగా కమిలింది. ఒట్టి ఇనుము ఇనుమును తిన్న చోటు అలా ఉంటుంది.

నాన్న వెర్నియర్ నాకిచ్చి "కొలువు" అన్నాడు. ఇన్నేళ్ళలో దాన్ని నా చేతికివ్వడం ఇదే మొదటిసారి. పిన్ను మంచి చోట 76.2, సరిగ్గా మూడు ఇంచులు. గీత పడ్డ చోట 75.6. బుష్ లోపల ఒక వైపు 77, దానికి అడ్డంగా కొలిస్తే 78.5. అంటే గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. ఛాసిస్‌లో బుష్ కూర్చునే బోరు మాత్రం గుండ్రంగానే ఉందని ఇంటి దగ్గరే చూసుకున్నాం. అది కూడా సాగి ఉంటే బోరింగ్ మెషిన్ యార్డుకే తెప్పించి, వెల్డింగ్‌తో నింపి మళ్ళీ బోరు చెయ్యాలి. ఖర్చు ఎన్నో రెట్లు. నాన్న ఆ టక్కు శబ్దం వినకపోయి ఉంటే ఇంకో రెండు నెలల్లో మా గతి అదే.

తర్వాత అరగంట ఇద్దరూ ఇనుము గురించి మాట్లాడుకున్నారు. పిన్ను ఈఎన్-24 అనే గట్టి ఉక్కుతో చేసి పైన గట్టిపరచాలి. బుష్ పిన్నుకన్నా ఒక మెట్టు మెత్తగా ఉండాలి. ఎప్పటికైనా ఏదో ఒకటి అరగక తప్పదు కాబట్టి మార్చడానికి సులువైనది అరగాలి. పిన్నుకూ బుష్‌కూ మధ్య సన్న కాయితం పట్టేంత సందు ఉంచాలి, గ్రీజు నిలిచేది అందులోనే. నాన్న పట్టుబట్టింది గ్రీజు గాడి దగ్గర. బుష్ లోపల ఎనిమిది అంకె ఆకారంలో గాడి కోయాలి, గాడిలోకి వచ్చే రంధ్రం ఛాసిస్ నిప్పుల్‌కు ఎదురుగా రావాలి. బుష్ అంచు మీద పంచ్‌తో చుక్క పెట్టమన్నాడు, బిగించేటప్పుడు రంధ్రం ఎటుందో పైనుంచే తెలిసేలా. "కంపెనీ బుష్‌కు గిట్ల చుక్క ఉండదు" అన్నాడు ఉస్తాద్. పెడతానని మాత్రం ఒప్పుకున్నాడు.

పని రేపు మధ్యాహ్నానికి అవుతుందన్నాడు. సాయంత్రం ఖాళీ. ఎక్కడికి పోదామంటే నాన్న గచ్చిబౌలి అన్నాడు. బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగాం. స్టేషన్ బయట మెట్ల మీద కూర్చున్నాడు. చుట్టూ అద్దాల మేడలు. ఎనభైల్లో ఇక్కడ గుట్టలు, గుట్టల మధ్య కంకర క్రషర్ ఉండేదట. నాన్న లోడరు నేర్చుకుంది అక్కడే.

నేర్చుకున్నాడంటే, మొదటి ఆరు నెలలు సీటెక్కనే లేదు. పొద్దున ఐదింటికి గ్రీజు గన్, సాయంత్రం మళ్ళీ గ్రీజు గన్. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, వెనకాలే కొత్తది కనబడేదాకా కొట్టాలి. బకెట్ పిన్నులు, లిఫ్ట్ ఆర్మ్ పిన్నులు, స్టీరింగ్ సిలిండర్లు, నడుము. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు వదలాలి. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ దుమ్ముతో చిక్కబడితే కడిగి కొత్తది పొయ్యాలి. క్రషర్ దుమ్ములో అది రోజూ చేసే పనే. గేర్ ఆయిల్ పాలలా తెల్లబారితే నీళ్ళు కలిశాయని అర్థం, ఇంజను ఆపెయ్యాలి. ఎత్తిన బకెట్ కిందికి దన్ను లేకుండా చెయ్యి కూడా పెట్టకూడదు. ఆ రోజుల్లో పక్క క్రషర్లో ఒక హెల్పర్ అలాగే పోయాడు. ఆ పేరు చెప్పేటప్పుడు నాన్న గొంతు ఇప్పటికీ మారుతుంది.

సీటెక్కిన రోజున, నాన్నకు పని నేర్పిన అక్కడి ఉస్తాద్ బకెట్ నిండిందా లేదా అని చూడలేదట, టైర్లు చూశాడట. కుప్పలోకి దూరేటప్పుడు చక్రాలు గిర్రున ఒట్టిగా తిరిగితే రాయి అంచులకు రబ్బరు కోసుకుపోతుంది. బకెట్ కొంచెం లేపి బరువు ముందు చక్రాల మీదికి తెచ్చుకుంటే పట్టు దొరుకుతుంది. అది వచ్చేదాకా రోజూ దిగి తన టైర్లకు పడ్డ గాట్లు తానే లెక్కబెట్టి చెప్పాలి. నాన్న మొదటి రోజు పదకొండు గాట్లు చెప్పాడు. ఉస్తాద్ వెళ్ళి చూసి పదమూడన్నాడు.

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. రోడ్డవతల ఒక మేడకూ ఇంకో మేడకూ మధ్య ఒక్క గుండు రాయి మిగిలి ఉంది, చుట్టూ గడ్డి పెంచి దీపాలు పెట్టారు. నాన్న దాన్నే చూస్తూ ఉన్నాడు.

మర్నాడు పిన్నూ బుష్‌లూ తీసుకుని సాయంత్రం రైల్లో ఖమ్మం చేరాం. ఆ రాత్రి రెండు బుష్‌లనూ మా వీధి ఐస్‌క్రీమ్ షాపు ఫ్రీజర్లో పెట్టించాడు నాన్న. చల్లబడితే ఇనుము వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. పొద్దున్నే బోరు శుభ్రంగా తుడిచి, పంచ్ చుక్క నిప్పుల్ వైపు తిప్పి పెడితే, చెక్క అడ్డం పెట్టి కొట్టిన నాలుగు సుత్తి దెబ్బలకే లోపల కూర్చుంది. కాసేపటికి వేడెక్కి బిగుసుకుంది. పిన్ను చేత్తో దింపాను. తలుపు గడియ పడ్డట్టు దిగింది.

నిప్పుల్ కొత్తది వేశాం. నేను బండి కింద వెల్లకిలా పడుకున్నాను. నాన్న పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. పదో పంపుకీ ఏమీ రాలేదు. పదిహేనుకీ రాలేదు. గన్ ఆపుదామా అనుకుంటుండగా కింది సీల్ అంచున పసుప్పచ్చ గీత ఒకటి మొదలై, మెల్లగా చుట్టూ తిరిగి, రెండు కొసలూ కలిశాయి.

"వచ్చింది నాన్నా."

"చుట్టూ వచ్చిందా?"

"చుట్టూ వచ్చింది."

"ఇక పై పిన్నుకు కొట్టు" అన్నాడు.