షియాన్‌లో రాతి అక్షరాల మధ్య

విదేశీ ప్రయాణం నాకిదే మొదటిసారి. హైదరాబాద్‌లో చైనీస్ నేర్చుకుంటున్న విద్యార్థులం కొందరం కలిసి, మా లావ్‌షి వెంట షియాన్ వెళ్ళాం. టీచర్‌ని మేమంతా అలాగే పిలుస్తాం. బీజింగ్, షాంఘై తీసుకెళ్ళమని మేం అడిగితే, "అవి ఎప్పుడైనా చూడొచ్చు. ముందు షియాన్ చూడండి, పాత చైనా అక్కడ చేతికి తగులుతుంది" అన్నారు ఆవిడ. ఇమిగ్రేషన్ దగ్గర టెన్షన్, ఫోన్‌లో అక్కడి పేమెంట్ యాప్ పనిచేసేదాకా పడ్డ తిప్పలు అందరికీ ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను.

ఆవిడ మాట ఎంత నిజమో బేలిన్ మ్యూజియంలో అడుగుపెట్టగానే అర్థమైంది. 1087 నుంచి అక్కడ శిలాశాసనాలు చేరుస్తూ వచ్చారు. మనిషికంటే ఎత్తైన నల్లరాతి పలకలు గదుల నిండా వరసలు తీరి ఉంటాయి. వాటిలో నన్ను కట్టిపడేసింది 837లో పూర్తయిన రాతి గ్రంథాలు. పన్నెండు కన్ఫ్యూషియన్ గ్రంథాలను 114 రాళ్ళకు రెండు వైపులా చెక్కారు. మొత్తం ఆరున్నర లక్షల అక్షరాలు! చేతిరాత ప్రతుల్లో తప్పులు దొర్లుతుంటే అసలు పాఠం ఏదో సరిచూసుకోవడానికి అప్పటి రాజధాని చాంగాన్‌లో, అంటే ఇప్పటి షియాన్‌లోనే, రాజ విద్యాలయం దగ్గర వీటిని నిలబెట్టారు. ఎప్పుడూ ఏదో ఒక పరీక్షకు చదువుతూనే ఉండే నాకు, ఆ రోజుల విద్యార్థులు ఇలాగే మెడలెత్తి చదివి ఉంటారన్న ఊహకే ఒళ్ళు పులకరించింది.

ఒక మూల నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. ఒక పెద్దాయన పల్చటి తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్‌తో కొడుతూ అక్షరాల గుంటల్లోకి దింపుతున్నాడు. కాగితం కాస్త ఆరాక, గుడ్డతో కట్టిన రెండు మెత్తని ఉండలు తీసుకున్నాడు. ఒకదానికి సిరా అద్ది, రెండోదానితో ఒత్తి, సిరా సమంగా పట్టిందని నమ్మకం కుదిరాకే కాగితం మీద తట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడా రుద్దడు. పైకున్న భాగమంతా నల్లబడుతుంటే, చెక్కిన అక్షరం తెల్లగా తేలుతూ వచ్చింది. మన శాసన పరిశోధకులు గుడి గోడల మీది శాసనాలకు నకళ్ళు తీసేదీ దాదాపు ఈ పద్ధతిలోనే. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుని ముందుకెళ్ళిపోయారు. ఆయన ఆ కాగితాన్ని ఊడదీసేదాకా నేను కదల్లేదు.

సాయంత్రం మాకు కుంచెరాత క్లాసు. సిరా సీసాలోంచి పోసుకోనివ్వలేదు. రాతిపలక మీద కాసిని నీళ్ళు వేసి, సిరా కడ్డీని గంధం అరగదీసినట్టు గుండ్రంగా అరగదీయాలి. మొదట దిద్దించేది 'యోంగ్' అనే అక్షరం, ఆ ఒక్కదానిలోనే ఎనిమిది మూల గీతలూ వచ్చేస్తాయి. మా లావ్‌షి వెనక నిలబడి, "మణికట్టు తిప్పకమ్మా, చెయ్యి మొత్తం కదలాలి" అంటూ నా మోచేతిని బల్ల మీంచి పైకెత్తారు. అప్పటినుంచి గీతకు ప్రాణం వచ్చింది.

తిండి విషయంలో మాలో చాలామందికి భయం ఉండేది. ముస్లిం వీధుల్లో తిన్న పావ్‌మోతో నా భయం ఎగిరిపోయింది. ముందు ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు తెచ్చి పెడతారు. రొట్టెను గోటితో గిల్లి చిన్నచిన్న ముక్కలుగా తుంపుకోవాల్సింది మనమే. తర్వాత ఆ గిన్నెను వంటింట్లోకి పట్టుకెళ్ళి, మటన్ పులుసులో ఉడికించి తెస్తారు. పక్కన ఊరబెట్టిన వెల్లుల్లి, కారం ముద్ద. తుంపుతున్నంతసేపూ ఏ బల్ల దగ్గర చూసినా కబుర్లే. ఆకలితో ఉన్నవాళ్ళని అలా తీరిగ్గా కూర్చోబెట్టే భోజనం నాకు ఎంతో నచ్చింది. శాకాహారులు లియాంగ్‌పి అనే చల్లటి నూడుల్స్ తిన్నారు. మరిగే నూనె పోసిన మిరపకారం అక్కడివాళ్ళకి విడిగా ఒక కూరతో సమానం. మా గుంటూరు వాళ్ళం దాన్ని మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నాం.

మింగ్ వంశపు రాజుల కాలం నాటి కోటగోడ చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు, పైన అద్దె సైకిళ్ళు దొరుకుతాయి. ఎండ తగ్గాక వెళ్తే హాయిగా ఉంటుంది. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ, చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా చేసిన మట్టి సైనికుల బొమ్మల దగ్గర జనం తోపులాట ఎక్కువ. ముందున్న వరసల కంటే వెనకవైపు మరమ్మతులో ఉన్న బొమ్మల దగ్గర ఎక్కువసేపు నిలబడాలని నా సలహా. తల లేనివాళ్ళు, చేతులు అతికించాల్సినవాళ్ళు... ముక్కలు వెతికి జతచేసే ఆ ఓపికను చూడాలి.

అడవిబాతు గోపురం దగ్గరికి మాత్రం నేను వేరే మనసుతో వెళ్ళాను. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ 645లో భారతదేశం నుంచి తెచ్చిన 657 గ్రంథాల కోసం 652లో దాన్ని కట్టారు. దక్షిణ ద్వారం పక్కన, చక్రవర్తి ఆయన్ని మెచ్చుకుంటూ రాసిన మాటలు ఆనాటి పేరున్న లేఖకుడు చూ సుయిలియాంగ్ చేతిరాతలో రాతి మీద ఉన్నాయి. మాతో వచ్చిన గైడ్‌కి నలంద తెలుసు, ధాన్యకటకం తెలియదు. మా అమరావతి పక్కనే ఉందని, హ్యూయాన్‌త్సాంగ్ అక్కడ కొన్ని నెలలు ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడని, తనకు తెలిసింది వాళ్ళకి చెప్పాడని నాకొచ్చిన చైనీస్‌లో చెప్పాను. ఆమె నా చేత ఊరి పేరు రెండుసార్లు పలికించి నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఆయన 646లో పూర్తిచేసిన యాత్రా గ్రంథంలో పదో భాగంలో ఆంధ్రదేశం, ధాన్యకటకం వస్తాయి. ఊరికి తూర్పున ఒకటి, పడమర ఒకటి కొండల మీది విహారాల గురించి, అప్పటికే పాడుబడిన ఆరామాల గురించి రాశాడు. తిరిగొచ్చాక దాన్ని చైనీస్‌లోనే చదవడం మొదలుపెట్టాను. పాత భాష కావడంతో రోజుకి నాలుగు వాక్యాలు దాటితే గొప్ప. అనుమానం వస్తే లావ్‌షికి వాయిస్ మెసేజ్ పెడతాను. ధాన్యకటకం అయిపోయింది, ఇప్పుడు చోళదేశం చదువుతున్నాను.